మంత్రిగారి మేడ మీది వాటా

వలస వచ్చిన ముస్లింల మీద జనానికున్న అపోహలు తొలగేదాకా కునుకు తియ్యనని మా సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. భోజనం కాగానే చేసిన ప్రకటన కాబట్టి అదెంత త్యాగమో సభలో అందరికీ అర్థమైంది.

మాటలతో ఆగే మనిషి కాదాయన. మా ఇంటి ఎదురుగా ఉన్న తన మేడ మీది వాటాను అలాంటి కుటుంబానికే అద్దెకిస్తానన్నారు. పీఏ వెతికి ఒక సిటీ బస్సు డ్రైవర్ని పట్టుకొచ్చాడు. భార్యనీ కూతుర్నీ పరాయి దేశం నుంచి తెచ్చుకుని, చుట్టాల హాల్లో దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం చేస్తున్న మనిషి. అద్దెకు అడుగుతూ తన పేరు చెప్పగానే ఖాళీ ఇళ్లు కూడా నిండిపోయేవి.

"గడ్డం ఉందా?" మంత్రిగారు గేటు దగ్గర పీఏని వాకబు చేశారు.

"ఉంది సార్. తీయించమంటారా?"

"వద్దు. తీసేస్తే ఫొటోలో ఎవరో తెలీదు. కాస్త తగ్గించు."

కెమెరాల ముందు మంత్రిగారు డ్రైవర్ని కౌగిలించుకుని తాళం చేతిలో పెట్టారు. "ఇది నా ఇల్లు కాదు, నీ ఇల్లు తమ్ముడూ" అన్నారు. నాకే కళ్లు చెమర్చాయి. డ్రైవర్ భార్య అప్పటికే పైకెళ్లి స్టవ్ ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. కూతురు కిటికీ పక్క మూల తనదేనని చెప్పేసింది.

కెమెరాలు వెళ్లాయి. పీఏ చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వండి."

"సామాన్లు వ్యానులో ఉన్నాయండీ."

"ఇల్లిచ్చారు కదా. మళ్లీ కాపురం కూడా ఉంటారా? రేపు ఇంకో కుటుంబానికి ఇవ్వాలి. అందరి అపోహలూ మీ ఒక్కరితోనే పోతాయా?"

ఆ దూరదృష్టికి నేను నిర్ఘాంతపోయాను.

మర్నాటి నుంచి డ్రైవర్ మళ్లీ ఇళ్ల వేట మొదలుపెట్టాడు. ఊళ్లో అపోహలు నిజంగానే పోయాయి. తలుపు మొహం మీద వేసినవాళ్లే ఇప్పుడు నవ్వుతూ తీశారు. "పేపర్లో చూశామండీ. మంత్రిగారి ఇల్లు దొరికాక మా కొంపలెందుకు మీకు?" అని, నవ్వుతూనే వేశారు.

సాయంత్రం కుటుంబంతో సహా మా ఇంటికొచ్చాడు.

"అన్నా, మీ వెనక వాటా ఖాళీ అటగా?"

కూర్చోబెట్టి టీ ఇప్పించాను. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఇచ్చేద్దామండీ. ఆ పిల్లని చూడండి, నిలబడే నిద్రపోతోంది" అంది.

"మంత్రిగారు ఇంత గొప్ప పని నెత్తిన వేసుకుంటే మనం పోటీకి దిగడం ఏం మర్యాద?" అన్నాను.

బయటికొచ్చి అదే మాట డ్రైవర్‌కీ చెప్పాను. ఆయన టీ బాగుందన్నాడు. కూతుర్ని భుజాన వేసుకుని లేచాడు.

నాకెలాంటి అపోహలూ లేవు కాబట్టి గేటు దాకా వెళ్లి సాగనంపాను.