ట్యాంకులో పది సంచుల ఐసు

ఆ పొద్దున ఆర్విల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది సంచుల ఐసు కొని మరుగుదొడ్డిలో పోయడం.

అతనూ భార్య మేవిసూ అరిజోనా ఎడారిలో ఇంటిబళ్లు నిలిపే పార్కులో, చక్రాల మీద నడిచే ఇంట్లో కాపురముంటున్నారు. ఆ ఇంటికి ఒకటే జబ్బు. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసినా గోడమీది ఎర్రదీపం నిండిందనే చెబుతుంది. ట్యాంకు లోపల మట్టం కొలిచే మీటలకి కాగితం ముక్కలు అతుక్కుపోయాయి. పోయిన ప్రయాణంలో ట్యాంకు నిజంగానే నిండింది. దీపాన్ని ఎవరూ నమ్మలేదు. అది పొంగి కొత్త తివాచీ పోయింది.

కాన్సాస్ పొలాల్లో పెరిగిన మేవిస్ అరవై ఎనిమిదేళ్లొచ్చినా సముద్రం చూడలేదు. రేపు ఒరెగాన్ తీరానికి బయలుదేరాలి. "ఆ దీపం ఆరితేనే నేను వచ్చేది. లేకపోతే నువ్వొక్కడివే పోయి, సముద్రాన్ని నేను అడిగానని చెప్పు" అని తేల్చేసింది.

సబ్బునీళ్లు, వెనిగర్, ఈస్టు అన్నీ పోసి చూడటం అయిపోయింది. ఇక ఐసే దిక్కు. గడ్డలు పోసి గతుకుల దారిలో బండి తిప్పితే, అవే దొర్లి లోపలంతా తోమేస్తాయట.

పార్కు ఆఫీసులో బెర్నడీన్ కళ్లు పెద్దవి చేసింది. "పది సంచులే! ఏం విశేషం ఆర్విల్ గారూ?"

నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "ఏదో... చిన్న ఏర్పాటు" అని నసిగాడు.

ఆ పార్కులో అంత ఐసు కొన్నారంటే ఐస్‌క్రీమ్ విందనే అర్థం. అతని బండి గేటు దాటకముందే బోర్డు మీద రాత పడింది: "నాలుగింటికి ఆర్విల్ దంపతుల ఐస్‌క్రీమ్. గిన్నెలు మీరే తెచ్చుకోవాలి."

గతుకులన్నీ తిరిగి నాలుగింటికి వచ్చేసరికి, నలభై మంది గిన్నెలతో, పీచ్ పళ్లతో, చుట్టూ ఐసు నింపి చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ పీపాలతో గేటు దగ్గరే ఎదురయ్యారు.

"ఐసెక్కడయ్యా?" అంది ఎనభయ్యేళ్ల ఓపల్, కిటికీ కొట్టి.

"ట్యాంకులో ఉందండీ!" అన్నాడు ఆర్విల్ బండి ఆపకుండా.

"మంచినీళ్ల ట్యాంకులో దాచాడర్రా, కరిగిపోకుండా! ఏం తెలివి!" అంటూ ఓపల్ వెనకే నడిచింది. అందరూ ఆవిడ వెనకే నడిచారు. బండి పార్కు చివర, మురుగు వదిలే చోట ఆగింది. ఇక్కడేమిటని ఓపల్‌కి అనుమానం రాకపోలేదు గానీ, ఐస్‌క్రీమ్ మీది ఆశ ఆవిడ చేత గిన్నె చాపించింది.

మేవిస్ కిటికీలోంచి కేకేసింది. "ఓపలక్కా, గిన్నె తీసెయ్! అది మరుగుదొడ్డి ట్యాంకు!"

నలభై గిన్నెలు ఒక్కసారిగా వెనక్కి వెళ్లాయి. ఆర్విల్ తల వంచుకుని గొట్టం బిగించి, మూత లాగాడు. గడగడమని అంతా పోయింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా, అతని ధ్యాసంతా లోపలి దీపం మీదే ఉంది.

"ఆరింది!" అని మేవిస్ లోపల్నించి అరిచింది. "దీపం ఆరిందయ్యా!" కిందికి దిగి, అతని మురికి చేతితొడుగులు కూడా చూడకుండా మెడ వాటేసుకుంది. "తెల్లారగానే సముద్రానికి పోదాం."

జనం నవ్వుతారేమోనని ఆర్విల్ బెదురుగా చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఓపల్ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "ఎన్ని సంచులన్నావు నాయనా? మా దీపం నాలుగేళ్లుగా ఆరలేదు."

"మాదీ అంతే" అన్నారు వెనకనించి ఎవరో. తర్వాత అందరూ అన్నారు. తర్వాత అందరూ ఆఫీసు వైపు పరుగెత్తారు.

ఆ సాయంత్రం ఐస్‌క్రీమ్ విందు జరగలేదు. పార్కులో ఉన్న ఐసంతా ట్యాంకుల్లోకే పోయింది.