కమ్మీలో అధికారి ముఖం

ఆస్పత్రి శుభ్రంగా ఉందో లేదో రోగులు కోలుకోవడాన్ని బట్టి కాక, సామాను తళతళలాడటాన్ని బట్టి తేల్చాలని నాగరిక ప్రపంచం ఎప్పుడో తీర్మానించుకుంది. అందుకు పెట్టిన పరీక్ష చాలా సులువు. తనిఖీ అధికారి మంచానికి మూడడుగుల దూరంలో నిలబడితే, పక్కనున్న అరచేతి వెడల్పు కమ్మీలో ఆయన ముఖం మీసంతో సహా కనిపించాలి. (మీసం లేని అధికారి వస్తే ఏం చేయాలన్నది ఉపసంఘం పరిశీలనలో ఉంది.)

ఆపరేషన్ల వార్డు పెద్ద సిస్టర్ ఈ పరీక్షలో పదిహేడేళ్ళుగా ఒక్క మార్కు పోగొట్టుకోలేదు. ఈ ఏడు ఆమె ఖర్మ కాలింది. పరిశోధనశాలవాళ్ళు తయారుచేసిన కొత్తరకం కమ్మీలు తెచ్చి వార్డులోని పది మంచాలకూ బిగించారు. వాటి నిండా వెంట్రుకలో వెయ్యో వంతు మందమైనా లేని ముళ్ళు. మనిషి చేతికి వాటి ఊసే తెలియదు. వాలిన బాక్టీరియాకు మాత్రం ఒళ్ళు తూట్లు పడి చావు ఖాయం. ఒకటే షరతు, నీళ్ళతో తుడవాలి తప్ప పాలిష్ పెట్టకూడదు. పెడితే ముళ్ళ సందులన్నీ మైనంతో పూడుకుపోయి, బాక్టీరియాకు పరుపు వేసి పడుకోబెట్టినట్టే.

ఆ కమ్మీలకు ఒక ఘోరమైన లోపం ఉంది. అవి మసకగా ఉంటాయి. వాటిలో ఎవరి ముఖమూ కనిపించదు.

కాబట్టి పై ఆఫీసు నుంచి పాలిష్ డబ్బా వచ్చింది. తొమ్మిది మంచాలకు పట్టించేసరికి అది అయిపోయింది. తలుపు చాటునున్న పదో మంచం అలాగే మిగిలిపోయింది. నెల తిరిగేసరికి ఆ తొమ్మిది మంచాల మీద ఏడుగురికి పుండ్లు చీము పట్టాయి. పదో మంచం ఎక్కినవాళ్ళంతా నడుచుకుంటూ ఇంటికి పోయారు. పెద్ద సిస్టర్‌కు విషయం అర్థమైంది. (అర్థం చేసుకోవడం ఆమె విధుల జాబితాలో లేదు.)

అప్పుడే ఒక దర్జీ వచ్చాడు. కుట్టుమిషన్ మోటారు బెల్టులో పడి కుడిచెయ్యి నలిగింది. ఆపరేషన్ కాగానే సిస్టర్ అతన్ని పదో మంచం మీద వేయించింది.

"మా ఆయన చెయ్యి దక్కుతుందా సిస్టరమ్మా?" అంది దర్జీ భార్య. "కత్తెర పట్టగలిగితే చాలు. ఇంకేమీ అడగను."

"దక్కుతుందమ్మా. ఈ మంచం దిగనివ్వకు."

ఆరో రోజుకు గాయం ఎండుతోంది. ఆ రోజే తనిఖీ అధికారి వచ్చాడు. తొమ్మిది మంచాల దగ్గర తనను తాను చూసుకుని సంతోషించి, పదో మంచం దగ్గర ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? ఇందులో నేను లేనే?"

"బాక్టీరియా కూడా లేదు సార్."

"కనిపించని వాటి గురించి నాకు చెప్పకు. కనిపించాల్సిన నేను కనిపించట్లేదు, ముందు అది చూడు."

"పాలిష్ పెడితే లోపలి ముళ్ళు పూడిపోతాయి సార్. ఈయన చెయ్యి ఇప్పుడిప్పుడే మానుతోంది. ఒక్క వారం ఆగండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ముళ్ళా!" అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. "రోగి మంచానికి ముళ్ళ కమ్మీ పెట్టావా? నువ్వు మనిషివేనా?"

సిస్టర్ మంచానికి అడ్డంగా నిలబడింది. ఆమెను పక్కకు జరిపి, అత్యవసర పాలిష్ దళం పన్నెండు నిమిషాల్లో పని ముగించింది. (ఆ దళం అధికారి జీపులోనే తిరుగుతుంటుంది.) అధికారి కమ్మీలోకి వంగి చూసుకుని క్రాపు సవరించుకున్నాడు.

ఆయన వెళ్ళాక సిస్టర్ వేణ్ణీళ్ళు పెట్టి సాయంత్రందాకా ఆ కమ్మీని తోమింది. తోమేకొద్దీ అది ఇంకా మెరిసింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పాలిష్ పెట్టిన నాలుగో రోజుకు దర్జీ చెయ్యి ఉబ్బింది. తొమ్మిదో రోజున బొటనవేలూ చూపుడువేలూ తీసేశారు. అతను కట్టు కట్టిన చేతివైపు చూడకుండా కిటికీవైపే చూస్తూ పడుకున్నాడు.

"దక్కుతుందన్నావు కదా సిస్టరమ్మా," అంది అతని భార్య. పెద్ద సిస్టర్ తెల్ల కాగితం తీసుకుని జరిగిందంతా రాసి పైకి పంపింది.

ఆస్పత్రి చరిత్రలో ఎన్నడూ లేనంత వేగంగా విచారణ సంఘం దిగింది. ముగ్గురు సభ్యులు పదో మంచం చుట్టూ తిరిగి, కమ్మీని వేలితో నిమిరి, పాలిష్ బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. అధికారి ముఖానికి ఆటంకం కలిగించినందుకు సిస్టర్‌కు మెమో ఇచ్చారు. ఆ తర్వాత నివేదికలో, 'ఈ ఘటనలో ఆస్పత్రికి జరిగిన నష్టం' అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, 'ఏమీ లేదు' అని రాశారు. చెయ్యి దర్జీది.