బసవపున్నారావు మూత్రవిజయము

ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమైన ఒకానొక వైశాఖ మధ్యాహ్నమున, ఫలభారావనత శాఖాసహస్ర విరాజితమైన నూజివీటి సీమయందు, ఆసుపత్రి రెండవ అంతస్తు మూడవ మంచము నధిష్ఠించి, రెడ్డిగూడెపు పద్నాలుగెకరాల మామిడితోటకు ఏకైక ప్రభువగు బసవపున్నారావు మూత్రమునకై నిరీక్షించుచుండెను.

ఆ ఉదయముననే డాక్టరు ఉదయశ్రీ సన్నని గొట్టపు కెమెరాను మూత్రమార్గమున నడిపి, కిడ్నీ దిగువ నాళమున దుర్గము కట్టుకొన్న శనగగింజంత పాషాణాసురుని నిలువునా బంధించి బయటికీడ్చి, ఇట్లు పలికెను.

"రాయి ఒక్క ముక్కగా వచ్చేసిందండీ. నాళానికి గాయం లేదు, వాపు లేదు. ఇలాంటప్పుడు అందరికీ స్టెంట్ వెయ్యక్కర్లేదు. నాలుగింటిలోగా నడుంనొప్పి లేకుండా మూత్రం పోశారా, ఇంటికి పంపిస్తాను. లేదంటే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి వేసేస్తాను."

స్టెంటనగా లోపల రెండు వారములు కాపురముండెడి జానెడు ప్లాస్టిక్ గొట్టము. నిరుడు దానిని మోసిన బావమరిది వీరభద్రరావు, పోసిన ప్రతిసారీ కారం రాసినట్టు మండి, ట్రాక్టరెక్కలేక, కోతలన్నీ మంచం మీదినుంచే చూసినాడు. ఎల్లుండే మన ప్రభువు తోటలో తొలికోత. తొలికాయ యజమాని పట్టిన గడకొన వలచిక్కంలోనే పడవలెనని ఆ ఇంటి ఆచారము. అందుచేత ఆ వీరుడు భయపడెను. దాచనేల, బాగా భయపడెను.

ఆరు సీసాల నీరు త్రాగి, నర్సు ఇచ్చిన కొలజాడీతో బాత్‌రూముపై మూడుసార్లు దండెత్తెను, మూడుసార్లు రిక్తహస్తుడై మరలెను. నలుబదేండ్లుగా తోటగట్టున, ఆకుల గాలిలో మాత్రమే పని కానిచ్చుకొన్న ఆ దేహము, తెల్లని టైల్సును చూడగానే బిగుసుకుపోవుచుండెను. గడియారము మూడున్నర దాటగా నాలుగవమారు లోనికి చొచ్చెను.

"అయిందా అండీ?" అని తలుపవతలినుండి ధర్మపత్ని బుజ్జమ్మ అడిగెను.

"బుజ్జమ్మా, గాలివానకి తోట సగం రాలినా చలించనివాణ్ణి. పూతకి మంచు పట్టినా కంటతడి పెట్టనివాణ్ణి. ఈ నాలుగు గోడలు నన్ను ఓడిస్తున్నాయే."

"సరేగానీ, కాస్త పక్కకి జరగండి."

ఆసుపత్రి వాకిటి చెట్టునుండి విరిచి తెచ్చిన మామిడి మండతో ఆ సాధ్వి లోనికి వచ్చి, దానిని కిటికీ ఊచలకు గుచ్చి, రెక్క బార్లా తెరిచి, కొళాయిని సన్నగా తిప్పి, "మన బోరు పక్క గట్టనుకోండి" అని తలుపు చేరవేసెను.

వేడిగాలికి ఆకులు గలగలలాడెను. వార్డంతయు ఊపిరి బిగబట్టెను. అంతట సుదీర్ఘ ధారానినాదము దిక్కులు పిక్కటిల్ల మ్రోగెను.

"నొప్పేమైనా ఉందా?" అని అప్పుడే వార్డులోకి వచ్చిన ఉదయశ్రీ అడిగెను.

"లేదండీ," అనుచు కన్నీటితో బయల్వెడలిన వీరుని చేతి కొలజాడీని నర్సు స్వాతి అందుకొని, వెలుతురుకెత్తి చూచి, సకల లోకములు విన ప్రకటించెను.

"రెండొందల పది మిల్లీలీటర్లు."