ఏడింటికల్లా వచ్చేస్తుంది

ఆ రోజు అల్లుడిగారి ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇల్లు దాటాలి, సాయంత్రం దాకా ఫోన్లకు జవాబులు చెప్పాలి, తిరిగొచ్చి కాళ్ళు చాపుకోవాలి. ఒక కాలికి బూటు తొడిగి రెండోది వెతుక్కుంటుండగా ముందుగదిలోంచి అత్తగారి కేక వినిపించింది.

టీవీలో బొమ్మ లేదు. నీలం తెర మీద "ఈ ఛానల్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్న ఒక్క ముక్క ఉంది. ఛానల్ వాళ్ళకూ, దాన్ని ఇళ్ళకు చేర్చే కంపెనీకీ మూడు నెలలుగా తగువు నడుస్తోంది. నీ ఛానల్‌ని మోస్తున్నందుకు నువ్వే డబ్బివ్వాలని కంపెనీవాళ్ళు, నా ఛానల్ కోసమే జనం నీ డబ్బా కొంటున్నారు కాబట్టి నువ్వే ఇవ్వాలని ఛానల్ వాళ్ళు. తెల్లవారుజామున కంపెనీ వాళ్ళు విసుగెత్తి ఛానల్‌ని పీకి పారేశారు.

"అల్లుడుగారూ, ఇదేం అన్యాయమండీ! ఇవాళ ఏడింటికి నా సీరియల్ ఆఖరి భాగం. ఏడేళ్ళ నుంచి చూస్తున్నాను. ఆ పిల్లకి కన్నతల్లి ఎవరో ఇవాళే తెలుస్తుంది" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"ఆయనేం చేస్తారమ్మా?" అంది వంటింట్లోంచి భార్య.

"ఏం చేస్తారేమిటే! అది ఆయన ఆఫీసే కదా!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెళ్ళిచూపుల్లో ఎవరో పెద్దమనిషి ఉత్సాహం కొద్దీ "కుర్రాడు టీవీ కంపెనీలో పెద్ద ఆఫీసరు" అన్నాడు. కుర్రాడు కాదనలేదు. ఆరేళ్ళయినా కాదనడానికి తీరిక దొరకలేదు. నిజానికి అతను ఫిర్యాదుల విభాగంలో పన్నెండో నంబరు కుర్చీ. ఆ విషయం భార్యకు తెలుసు, అత్తగారికి తెలియదు. భార్య అన్న "ఏం చేస్తారు" మాత్రం అతనికి కాస్త గట్టిగానే గుచ్చుకుంది.

"నేను చూసుకుంటాను లెండి. ఏడింటికల్లా వచ్చేస్తుంది" అనేసి, రెండో బూటు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట ముందు ఎదురింటికి వెళ్ళింది. అక్కడి నుంచి కిందింట్లో కుట్టు నేర్చుకునే ఆడవాళ్ళకు చేరింది. వాళ్ళ చెల్లెళ్ళకూ, వదినలకూ, తోడికోడళ్ళకూ ఫోన్లు వెళ్ళాయి. అతను కుర్చీలో కూర్చునేసరికి మాట అతనికంటే ముందే ఆఫీసుకు వచ్చేసింది.

ప్రతి కుర్చీ ముందూ ఒక పసుపు చీటీ అతికించి ఉంది. "చర్చలు జరుగుతున్నాయి. మీ సహనానికి ధన్యవాదాలు." అంతకుమించి ఒక్క అక్షరం పలకకూడదు. కింద ఎర్ర సిరాతో ఇంకో వాక్యం: ఎప్పుడొస్తుందో టైము చెప్పినవారికి ఉద్యోగం అక్కడితో సరి.

"ఏడింటికి వస్తుందటగా, ఖాయమేనా?" అన్నారు మొదటి ఫోనులో. రెండో ఫోనులోనూ అదే ప్రశ్న. పదకొండయ్యేసరికి హాల్లో నలభై కుర్చీలూ ఏడింటి గురించే వింటున్నాయి. అల్లుడుగారు మాత్రం తేలు కుట్టిన దొంగలా చీటీ చదువుతూ కూర్చున్నాడు.

"ఎవడో టైము చెప్పాడు! వాడు దొరికితే ఈ పూటే ఇంటికి పంపిస్తా!" అంటూ సూపర్‌వైజరు హాలంతా తిరిగి, ఎక్కడా ఆగకుండా వచ్చి సరిగ్గా పన్నెండో కుర్చీ దగ్గర ఆగాడు. రెండో హెడ్‌ఫోను తగిలించుకుని "కానియ్, నేనూ వింటా" అన్నాడు. ఫోను మోగింది.

"బాబూ, ఏడింటికి ఛానల్ వస్తుంది కదూ?"

అత్తగారు. అతను గొంతు పూర్తిగా ముక్కులోకి మార్చేశాడు. "చర్చలు జరుగుతున్నాయండీ. మీ సహనానికి..."

"చర్చలేమిటి నాయనా? మా అల్లుడుగారే చెప్పి వెళ్ళారు. మీ కంపెనీలో చాలా పెద్ద ఆఫీసరు. నీలాంటివాళ్ళు ఆయన కింద వందమంది ఉంటారు."

సూపర్‌వైజరు కళ్ళు పెద్దవయ్యాయి. "పేరడుగు, పేరు!" అని పెదవులతోనే చెప్పాడు.

అడక్క తప్పలేదు. తన ఉద్యోగానికి తానే గొయ్యి తవ్వుకుంటూ, "మీ అల్లుడిగారి పేరు... చెబుతారా అమ్మా?" అన్నాడు.

"భలేవాడివయ్యా! అల్లుణ్ణి పట్టుకుని పేరుతో పిలుస్తానా? ఆరేళ్ళలో ఒక్కసారి అనలేదు, ఇప్పుడు నీ కోసం అంటానా? వెళ్ళి మీ పెద్దవాళ్ళనడుగు, వాళ్ళకి తెలుసు" అని ఆవిడ ఫోను పెట్టేశారు. అల్లుడికి ఆవిడ పాదాల మీద పడాలనిపించింది.

సూపర్‌వైజరు హెడ్‌ఫోను మెల్లగా తీశాడు. ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. "అంటే పైవాళ్ళే చెప్పారన్నమాట! అల్లుడంటే డైరెక్టరో, ఆ పైవాడో. నిర్ణయం అయిపోయింది, మనకే చెప్పలేదు" అంటూ లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి పరుగెత్తాడు.

పైన ముగ్గురు డైరెక్టర్లున్నారు. మిగతా ఇద్దరిలో ఎవరో మాటిచ్చారని ముగ్గురూ అనుకున్నారు. మనకు తెలియదంటే చిన్నతనమని ముగ్గురూ గంభీరంగా తలలూపారు. ఈలోగా జనం ఛానల్ ఆఫీసుకూ ఫోన్లు చేశారు. కంపెనీ దిగొచ్చిందని నమ్మిన ఛానల్ యజమాని, ఓడినవాడితో మర్యాదగా ఉండాలని, తానే ఫోను చేసి మూడు నెలల్లో మొదటిసారి "బాగున్నారా?" అని అడిగాడు. ఆ మర్యాద చూసి, దిగొచ్చింది అతనేనని డైరెక్టర్లు నమ్మారు. గెలిచామనుకున్నవాళ్ళు రెండువైపులా ఉంటే బేరం ఎంతసేపు? చెరి సగం భరించేలా నాలుగింటికి సంతకాలైపోయాయి.

అయిదింటికి పసుపు చీటీలు తీసేసి ఆకుపచ్చవి అతికించారు. "మీ ఛానల్ ఈ సాయంత్రం ఏడు గంటలకు." అల్లుడుగారు దాన్ని నాలుగుసార్లు చదివాడు. బతుకుజీవుడా అనుకున్నాడు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, అత్తగారి ముందు పరువూ ఉంది. ఆ క్షణంలో సూపర్‌వైజరు కూడా అతని కంటికి అందగాడిలా కనిపించాడు.

ఇల్లు చేరేసరికి ఏడూ ఇరవై. ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కుట్టు నేర్చుకునేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. తెర మీద పిల్ల తల్లిని కావిలించుకుని ఏడుస్తోంది, గదంతా ఆమెతో పాటు ఏడుస్తోంది. భార్య మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "నిజంగా మీరే చేశారా?" అని గుసగుసగా అడిగింది.

"నాకూ అదే అనుమానంగా ఉంది" అన్నాడతను.

కథ సుఖాంతమైంది. అత్తగారు కళ్ళు తుడుచుకుని, అందరికీ వినబడేలా, "మా అల్లుడుగారి మాటంటే మాటే!" అన్నారు. అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మర్నాడు పొద్దున్న అతను బూట్లు తొడుక్కుంటుంటే అత్తగారు రిమోట్ పక్కన పెట్టి, "ఇక ఆ ఛానల్లో చూడ్డానికేముంది అల్లుడుగారూ, తీసేయమని చెప్పండి" అన్నారు.