చెప్పు రుసుము

ఆ ఉదయం గుమాస్తా ఇత్యాది వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, ఆఫీసుకెళ్ళి సాయంత్రం నాలుగింటి దాకా ఎవరి కంటా పడకుండా కూర్చోవాలి. నాలుగింటికి మేనేజరు వచ్చి ఒక కాగితం మీద సంతకం పెడితే, తొమ్మిదేళ్ళుగా గుమాస్తాగా ఉన్నవాడు ఆఫీసరవుతాడు. తొమ్మిదేళ్ళు ఏ తప్పూ చేయనివాడు ఇంకొక్క పూట చేయకుండా ఉండలేడా అని అతని ధీమా.

అతను పనిచేసేది ఒక విమానాల కంపెనీ టికెట్ల ఆఫీసులో. ఆ కంపెనీ టికెట్ ధరను పత్రికల్లో అరచేయంత అక్షరాలతో వేయిస్తుంది. ఆ తర్వాత కిటికీ పక్కన కూర్చుంటే ఒక రుసుము, కూర్చోకపోతే మధ్య సీటు రుసుము, సంచి తెస్తే ఒకటి, తేకపోతే తేలేదని ధ్రువీకరించినందుకు ఇంకొకటి. ఇవన్నీ చీమల బారులాంటి అక్షరాల్లో రాసి, చివర 'ఇత్యాది' అని పెట్టడం అతని ఉద్యోగం. ఆ ఒక్క మాట కంపెనీకి ఎంత లాభం తెచ్చిపెట్టిందంటే, చివరికి అదే అతని పేరైపోయింది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు.

"ఏమండీ, మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాను," అంది భార్య వంటింట్లోంచి.

"ఏమని?"

"మీరు ఆఫీసరయ్యారని."

"ఇంకా సంతకమే కాలేదే! ఇల్లలకగానే పండగైపోతుందా?"

"మీ చేత ఇల్లు అలికించడానికే తొమ్మిదేళ్ళు పట్టింది. పండగ దాకా ఆగితే మా వాడు ముసలాడైపోతాడు. ఆదివారం భోజనానికి వస్తానన్నాడు."

గడ్డం గీసుకుంటున్న ఇత్యాది చేతిలో కత్తి ఆగింది. బావమరిది రెండేళ్ళ కిందటే బ్యాంకులో ఆఫీసరయ్యాడు. అప్పట్నుంచీ కనబడ్డప్పుడల్లా "ఏం బావా, ఇంకా గుమాస్తాయేనా?" అని అడుగుతాడు. తెలియక కాదు, తెలిసే అడుగుతాడు. సంతకం గనక తప్పిపోతే, ఆదివారం ఆ మొహానికెదురుగా కూర్చుని ముద్ద మింగడం తన తరం కాదని ఇత్యాదికి తెలుసు.

సరిగ్గా అప్పుడే ఫోన్లో మేనేజరు దగ్గర్నుంచి సందేశం వచ్చింది. ఆయన పై ఆఫీసులో పని చూసుకుని తిరుగు విమానం ఎక్కబోతున్నాడు. సొంత కంపెనీ విమానాలు మరీ ఖరీదని ఆయనెప్పుడూ పోటీ కంపెనీ విమానంలోనే తిరుగుతాడు.

"ఈ రోజు నుంచి టికెట్ కొనే ప్రతి ఒక్కరికీ చెప్పు రుసుములు. డబ్బు తీసుకోకముందే. ఒక్కటి కూడా వదలద్దు. కనబడేలా బోర్డు పెట్టు. పైనుంచి ఆర్డరు. తేడా వస్తే నీ సంతకం సంగతి మర్చిపో."

విషయం ఏమిటంటే, విమానాల కంపెనీలు అదనపు రుసుములన్నిటినీ టికెట్ కొనేవాళ్ళకు ముందే చెప్పి తీరాలని ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. ఆ సంగతి మేనేజరుకు తెలుసు. ఆయన రాసింది 'చెప్పవయ్యా' అని. కానీ ఇత్యాది చదివింది కాలి చెప్పు అని. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. తొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఏ రుసుమూ చెప్పమనగా అతను వినలేదు. కొత్త రుసుము వేయమనడం మాత్రం వారానికి రెండుసార్లు వింటాడు. నిర్ధారించుకుందామని ఫోన్ చేస్తే, మేనేజరు ఫోన్ అప్పటికే ఆగిపోయింది.

"జతకా, ఒక్కోదానికా?" అని అడిగింది ఆఫీసులో కౌంటరమ్మాయి, కొత్త ఆర్డరు విని రసీదు పుస్తకం తెరుస్తూ. ఎందుకని మాత్రం ఆమె కూడా అడగలేదు.

"'ఒక్కటి కూడా వదలద్దు' అన్నారు కదమ్మా. ఒక్కోదానికే. ఇరవై వేసుకో."

"బూట్లయితే?"

"ముప్ఫై. లేసులకు వేరే."

"ఎత్తు మడమల చెప్పులేసుకునేవాళ్ళుంటారు కదండీ."

"స్కేలు పెట్టి కొలువు."

ఇత్యాది స్వయంగా అట్ట మీద పెద్ద చెప్పు బొమ్మ గీసి, కింద 'ఒక్కోదానికి ఇరవై, టికెట్‌కు ముందే' అని రాసి గుమ్మానికి వేలాడదీశాడు. మొదటి ముగ్గురూ మారు మాట్లాడకుండా కట్టేశారు. ఆ కంపెనీ ప్రయాణికులు అంత చక్కగా తర్ఫీదైనవాళ్ళు. నాలుగోవాడు కాలికి పెద్ద కట్టుతో వచ్చాడు. అతనికి ఒకటే చెప్పు కాబట్టి ఇరవైతో సరిపోయింది. దాంతో వెనకాల వరసలో ఉన్న దర్జీ బుర్రలో దీపం వెలిగింది.

"అంటే, కాలికి లేకపోతే కట్టక్కర్లేదన్నమాట," అని అతను బయటికెళ్ళి చెప్పులు విప్పేసి వచ్చి నిలబడ్డాడు. చూస్తుండగానే వరస మొత్తం వట్టికాళ్ళతో నిలబడింది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట లేచింది.

మేనేజరు వచ్చేసరికి వసూలు సున్నా అయితే సంతకం గోవిందా. వెంటనే ఇత్యాది బయట విడిచినవాటికి 'పాదరక్షల నిల్వ రుసుము' ప్రకటించాడు. జనం చెప్పులు తెచ్చి చంకలో పెట్టుకున్నారు. చేతి సామాను రుసుము అన్నాడు. మళ్ళీ బయట పడేశారు. వట్టికాళ్ళ దుమ్ముతో గచ్చు పాడవుతోందని 'పాదధూళి రుసుము' అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న ఆలోచన ఈపాటికి అతనికి రావలసింది, కానీ ఊబిలో దిగినవాడికి సామెతలు గుర్తుకురావు.

ఇన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగేసరికి చెప్పులు కలగాపులగమైపోయాయి. ఒకాయన కాళ్ళకు రెండూ ఎడమవే వచ్చాయి. ఇంకొకావిడ తనవి కొత్తవని, పాతవి అంటగట్టారని గొడవకు దిగింది. దర్జీ కౌంటరు మీద చరిచాడు.

"విమానం సంగతి దేవుడెరుగు, ముందు ఇంటికెలా పోవాలయ్యా? అసలు మీ దగ్గర ఇంకా ఎన్ని రుసుములున్నాయి? కడుపులో దాచుకుని ఒక్కోటీ బయటికి తీస్తున్నావు!"

"దాచుకోవడమా?" ఇత్యాదికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ రుసుములన్నీ అతను కన్నబిడ్డల్లా పేరు పేరునా రాసినవి. "అరవై మూడున్నాయి! చెప్పులకేదో ప్రాణం పోయినట్టు అరుస్తున్నారే, మిగతావి ఏళ్ళ తరబడి నోరెత్తకుండా కట్టలేదూ? వినండి!"

కుర్చీ ఎక్కి రిజిస్టరు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. సీటు వెనక్కి వాల్చే రుసుము. వాల్చిన సీటు నిలబెట్టే రుసుము. దుప్పటి రుసుము, దుప్పటి వద్దంటే చలి అంగీకార రుసుము. పసిపిల్ల పక్క సీటుకు నిద్రాభంగ హామీ రుసుము, ఆ హామీ నెరవేరకపోతే ఫిర్యాదు స్వీకరణ రుసుము. ఇరవయ్యోదానికి గొడవ ఆగింది. నలభయ్యోదానికి ఆఫీసంతా నిశ్శబ్దమైంది. అరవయ్యోదానికి సగం మంది దొరికిన చెప్పులు తొడుక్కుని రైలు టికెట్ల కోసం వెళ్ళిపోయారు.

అరవై మూడోది పూర్తవుతుండగా గుమ్మంలో మేనేజరు కనబడ్డాడు.

"ఏమయ్యా, ఇది టికెట్ల ఆఫీసా, చెప్పుల కొట్టా?"

"తమరి ఆర్డరేనండీ," అంటూ ఇత్యాది కుర్చీ దిగాడు. "చెప్పు రుసుము ఒక్కటి కూడా వదల్లేదు."

మేనేజరు బోర్డు చూశాడు, గుట్ట చూశాడు, తన ఫోన్ తీసి సందేశం చూసుకున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"చెప్పు అంటే చెప్పమనయ్యా! నోటితో!"

"నోటితోనాండీ?" ఇత్యాది నిజంగానే తెల్లబోయాడు. "మన కంపెనీలో రుసుము వేయమంటారు గానీ, చెప్పమంటారని నాకెలా తోస్తుందండీ?"

జవాబు లేని పెద్దవాళ్ళు చేసే పనే మేనేజరూ చేశాడు. జేబులోంచి ఆఫీసరు కాగితం తీసి, చింపడానికి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇత్యాదికి ఆ కాగితంలో బావమరిది నవ్వుతూ కనబడ్డాడు.

"ఒక్క నిమిషం," అంది ఒక పెద్దావిడ. పొద్దున్నించీ వరసలో వట్టికాళ్ళతో నిలబడి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్న మనిషి. సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి మేనేజరుకు చూపించింది. "నేను ప్రభుత్వ తనిఖీ అధికారిని. నిన్నా మొన్నా ఆరు కంపెనీల ఆఫీసులు తిరిగాను. ఒక్కరూ ఒక్క రుసుము గురించి నోరు విప్పలేదు. ఇక్కడ ఈయన బోర్డు పెట్టి, కుర్చీ ఎక్కి, అరవై మూడూ చదివాడు."

"అమ్మా, ఆ చెప్పుల సంగతి పొరపాటున..." మేనేజరు నసిగాడు.

"పొరపాటేముందండీ? రుసుము వేయకూడదని నిబంధనలో ఎక్కడా లేదు. దాచకూడదనే ఉంది. మీవాడు బొమ్మ గీసి మరీ చెప్పాడు."

ఆవిడ పుస్తకంలో 'ఆదర్శప్రాయం' అని రాసి, తన చెప్పులు వెతుక్కుని, జతకు నలభై కట్టి, రసీదు అడిగి తీసుకుని వెళ్ళిపోయింది.

మేనేజరు చేతులు కాగితాన్ని నెమ్మదిగా సాపు చేశాయి. "రేపటి నుంచి బూట్లకు ఇంకో పది పెంచు," అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టి, ఇత్యాది భుజం తట్టాడు. "ఆఫీసరుగారూ!"

ఇత్యాదికి కళ్ళు చెమ్మగిల్లాయి. కాగితం తీసుకుని మూలకు వెళ్ళి చదువుకున్నాడు. పైన కొత్త జీతం అరచేయంత అక్షరాలతో ఉంది. కింద కోతలు చీమల బారులా ఉన్నాయి. కుర్చీ అద్దె, గది వెలుతురు, హోదా నిర్వహణ, సంతకపు సిరా. కూడి, తీసి, మళ్ళీ కూడాడు. ఎలా చూసినా గుమాస్తా జీతం కంటే చేతికి మూడొందలు తక్కువే వస్తోంది.

"సార్, ఇవన్నీ నాకు ముందు చెప్పలేదేమండీ?"

మేనేజరు ఆశ్చర్యపోయాడు. "నిబంధన చదివావా? టికెట్ కొనేవాళ్ళకు చెప్పమంది. నువ్వు టికెట్ కొన్నావా?"

ఇంటికి వచ్చేసరికి భార్య ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉంది. అవతల బావమరిది.

"జీతం ఎంత పెరిగిందో చెప్పండి, వాడు వింటున్నాడు!"

ఇత్యాది ఫోన్ అందుకుని జీతం గట్టిగా చెప్పి, కోతలను దగ్గులో కలిపేశాడు.