అత్తగారి అంతరిక్ష నౌక

ఆదివారం పొద్దున్నే అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు స్నానం చేసి వచ్చేలోగా టీవీ పెట్టెలో పేరుకుపోయిన పాత రికార్డింగులన్నీ తుడిచేసి, మధ్యాహ్నం మ్యాచ్‌కి చోటు చెయ్యాలి. "మా అల్లుడు ఎంత పనిమంతుడో" అని ఆవిడ చేత అనిపించుకోవాలి. అంతే!

పాపం, అతని బాధ అతనిది. పెళ్లయి ఏడాది కావస్తోంది. కాపురం కూడా ఆ ఇంట్లోనే. అయినా అత్తగారు అతన్ని "అల్లుడుగారూ, మీరు కూర్చోండి" అనే అంటుంది. కొడుకుని "ఒరేయ్" అంటుంది, పేపరువాణ్ణి "ఒరేయ్" అంటుంది, ఇతను మాత్రం మంచినీళ్ల గ్లాసు ముట్టుకున్నా "అయ్యో, మీరెందుకండీ" అంటూ లాక్కుంటుంది. అతను చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న మనిషి. ఆ "మీరు" విన్నప్పుడల్లా తనని గుమ్మం బయటే నిలబెట్టినట్టు అనిపించేది.

అతను పనిచేసేది కళ్లద్దాల షాపులో. ఆ పొద్దున మాత్రం తన కళ్లద్దాలు మంచం మీదే వదిలేసి రిమోట్ పట్టుకున్నాడు. "అన్నీ తీసెయ్యాలా?" అని టీవీ అడిగింది. తీసెయ్యమని నొక్కాడు.

భార్య వచ్చి తెర వంక చూసింది. "అమ్మ నౌక ఏదీ?"

"ఏ నౌక?"

"అయిపోయావు," అందామె, కూలబడుతూ.

నౌకంటే ఎప్పుడో వచ్చిన ఒక సీరియల్లో ఒకే ఒక్క భాగం. అంతరిక్ష నౌకలో ఒక ఇంజనీరు పొరపాటున గాలి యంత్రం ఆపేస్తాడు. కెప్టెనమ్మ అందరినీ చిన్న నౌకలో పంపించేసి తనొక్కతే ఉండిపోతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన అత్తగారికి ఆ కెప్టెనమ్మంటే ప్రాణం. పొద్దుటి నడకలో స్నేహితురాళ్లకి ఆ కథ చెప్పని రోజు లేదు. వాళ్లలో అందరూ సందేహాలావిడ అని పిలిచే ఒకావిడ ఉంది. "గాలి లేకుండా ఎలా బతికిందమ్మా? నువ్వే అల్లి చెప్తున్నావు" అంటూ ఏళ్ల తరబడి దెప్పుతోంది. చివరికి అత్తగారికి ఒళ్లు మండి, "ఆదివారం రండి, కళ్లారా చూపిస్తా" అనేసింది. ఆ ఆదివారం ఇదే.

"వాళ్లు బయల్దేరారట," అంది భార్య.

"కరెంటు పోతే బాగుండు."

"ఎందుకు పోతుంది?"

"మనం పోగొడితే?"

ఆమె నోరు తెరిచేలోపే అతను మెట్లు దిగేశాడు. కింద మీటర్ల గదిలో గోడ నిండా తెల్లటి పింగాణీ ఫ్యూజులు. వాటి కింద నంబర్లు ఏనాడో చెరిగిపోయాయి. అన్నిట్లోకీ పెద్దది చూసి పీకేశాడు. పైనెక్కడో గరగరమంటున్నదేదో ఆగింది. అదేమిటో ఆలోచించకుండా భార్యకి ఫోన్ చేశాడు.

"ఫ్యాను తిరుగుతూనే ఉంది," అందామె.

దాని పక్కది పీకాడు.

"ఆ, ఆగింది."

మొదటిది మళ్లీ పెట్టేద్దామనుకుంటూ ఉండగానే మెట్ల మీద మామగారి దగ్గు వినబడింది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఏది ఆగినా పనిముట్ల సంచీతో దిగి చూడందే తోచదు. అల్లుడు రెండు ఫ్యూజులూ జేబులో కుక్కుకుని, తలుపు చాటు నుంచి బయటికి జారుకున్నాడు.

వెంటనే లోపల్నుంచి కేక. "ఎవడో ఫ్యూజులు ఎత్తుకుపోయాడు! గేటు ముయ్యండి! ఒక్కణ్ణి కూడా బయటికి పోనివ్వద్దు!"

వాచ్‌మన్ గేటుకి తాళం వేసి, మీటర్ల గదికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ వాటాలోంచీ ఈ వాటాలోంచీ జనం పోగయ్యారు. మామగారు చుట్టూ చూసి, అల్లుడి మీద కన్నుపడగానే మొహం విప్పార్చుకున్నారు.

"అల్లుడుగారూ, సమయానికొచ్చారు! నమ్మకమైన మనిషి కావాలి. అందరి జేబులూ మీరే తడమండి."

తప్పుతుందా? ముచ్చెమటలు పోస్తుండగా తడిమాడు. పై వాటా ఆయన జేబులో దువ్వెన, పక్క వాటా ఆయన జేబులో భార్యకి తెలియకుండా దాచుకున్న సిగరెట్లు దొరికాయి. ఆ సిగరెట్ల మీద విడిగా ఇంకో గొడవ మొదలైంది. వంగినప్పుడల్లా అల్లుడి జేబులో రెండు పింగాణీ ముక్కలు టకటకమంటున్నాయి.

అంతలో పైనుంచి భార్య అరిచింది. "లిఫ్టు ఆగిపోయింది! అమ్మ స్నేహితురాళ్లు అందులోనే ఉన్నారు!"

పెద్ద ఫ్యూజు దేనిదో అప్పుడర్థమైంది. పైకి పరుగెత్తాడు.

రెండో అంతస్తులో అత్తగారు లిఫ్టు తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల్నుంచి సందేహాలావిడ ఏడుపు. "గాలాడట్లేదే! నేనింక పోతానే!"

"లైన్లోనే ఉండండి," అంది అత్తగారు, ఎక్స్ఛేంజి గొంతుతో. "మీరెక్కడికీ పోరు. తలపైన జాలీ ఉంది, గాలి వస్తుంది. నౌక కథ చెప్తాను, వినండి. కెప్టెనమ్మ ఒక్కతే మిగిలింది కదా..."

ఏడుపు కాస్త తగ్గింది కానీ, మధ్యమధ్య వెక్కిళ్లు వినబడుతూనే ఉన్నాయి. అల్లుడికి ఇక మనసొప్పలేదు. ఈ ఇంట్లో తన కథ ముగిస్తే ముగిసింది, ఆ పెద్దావిడ వెక్కిళ్లు మాత్రం వినలేననుకున్నాడు. రెండు ఫ్యూజులూ తీసి అత్తగారి ఒళ్లో పెట్టాడు.

"అత్తయ్యగారూ, నేనే పీకాను," అన్నాడు నెమ్మదిగా. "మీ నౌకని తుడిచేసింది కూడా నేనే. మీరు బాధపడతారని కరెంటు తీసేశాను. లిఫ్టుదని తెలీదు. నన్ను క్షమించండి."

ఆవిడ ఫ్యూజుల వంక చూసింది, అతని వంక చూసింది. చెవి పట్టుకుని దగ్గరికి లాగి గుసగుసగా అంది.

"ఆ రికార్డింగులో ముగింపు లేదు. కెప్టెనమ్మ ఆఖరి స్విచ్చి మీద చెయ్యి వేసేసరికే అయిపోతుంది. బతికిందో లేదో నాకూ తెలీదు! ఈ సందేహాల మనిషి ముందు పరువు పోతుందని నిన్న రాత్రి కన్ను మూయలేదు. కరెంటు పోవాలని పొద్దుట్నుంచీ మొక్కుకుంటున్నా."

అల్లుడు చెవి రుద్దుకున్నాడు.

"ఏమైందే? చెప్పవేం?" లోపల్నుంచి సందేహాలావిడ కేకేసింది. ఏడుపు ఎప్పుడాగిపోయిందో! "కెప్టెన్ పోయిందా?"

అత్తగారు గొంతు సవరించుకుంది. "ఎందుకు పోతుంది? చిన్న నౌక వెళ్లిపోయింది కానీ, ఆ ఇంజనీరు ఎక్కలేదు. గాలి యంత్రం ఆపేసింది వాడే కదా. తప్పించుకుని పోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. వాడు పోలేదు. పరుగెత్తుకొచ్చి నేనే చేశానని ఒప్పుకున్నాడు."

"ఒప్పుకుంటే? కెప్టెన్ ఏమంది?"

అత్తగారు ఫ్యూజులు రెండూ అల్లుడి చేతిలో పెట్టింది. అతని మొహంలోకే చూస్తూ అంది.

"ఏమంటుంది? 'ఒరేయ్ దొంగ వెధవా, ముందు కిందకి పోయి ఇవి పెట్టిరా' అంది."

"అంతరిక్షంలో కూడా అలా మాట్లాడతారా?" అంది సందేహాలావిడ.

"సొంతవాళ్లతో ఎక్కడైనా అలాగే మాట్లాడతారు."

అల్లుడు మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. కళ్లు తడిసి మెట్లు మసకబారాయి. కళ్లద్దాలు లేకపోవడం వల్లేనని తనకి తనే చెప్పుకున్నాడు. వాచ్‌మన్‌ని పక్కకి తోసి రెండూ బిగించాడు. లిఫ్టు గరగరమంటూ కదిలింది.

స్నేహితురాళ్లు ముగ్గురూ నవ్వుతూ బయటికొచ్చారు. ఇంత మంచి ముగింపని తెలిస్తే ఎప్పుడో నమ్మేదాన్నంటూ సందేహాలావిడ అత్తగారి చెయ్యి పట్టుకుంది. మామగారు మాత్రం ఇంకా స్క్రూడ్రైవరు పట్టుకునే ఉన్నారు.

"ఇంతకీ దొంగ దొరికాడా?"

"దొరికాడు. మనింటివాడే," అని అత్తగారు వంటింట్లోకి నడుస్తూ వెనక్కి తిరిగి కేకేసింది. "ఒరేయ్, అక్కడేం చేస్తున్నావు? వచ్చి ఈ కప్పులు కడుగు!"

దాంతో ఆ ఇంట్లో అల్లుడికి ఉన్న కాస్త మర్యాదా పోయింది.