కాలేయం గోడౌన్లు

"ప్రతి పౌరుడి ఒంట్లోనూ ప్రభుత్వానికి చెప్పకుండా కట్టుకున్న గోడౌన్ ఒకటుంది. దాని పేరు కాలేయం!"

కరువు సహాయ సంఘం స్పెషలాఫీసరు సంజీవరావు గారు పెదకాకాని గంజి కేంద్రంలో ఈ మాట ప్రకటించగానే గంజి వండే తోమాకు ఒళ్ళు పులకరించింది. ఇంత చదువుకున్న దొరను ప్రభువే పంపాడనుకున్నాడు. అది అరవై ఆరో సంవత్సరం. మిరపతోటలు నిలువునా ఎండిపోయి, నలభైమంది కోతకూలీలు ఆ ఒక్కపూట గంజి మీదే బతుకుతున్నారు.

సంజీవరావు గారు తొందరపడే మనిషి కాదు. బ్రాడీపేట డాక్టరుగారిని పిలిపించి ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ అడిగారు.

"తిన్న గంజి చక్కెరవుతుందండి. ఖర్చు కానిది కాలేయంలోనూ కండల్లోనూ చేరుతుంది. కాలేయంలోది ఒక్కరోజుకు మించి రాదు. కండల్లోది ఆ కండకే గాని ఇంకెక్కడికీ పోదు. ఇంకా మిగిలితే కొవ్వు."

"అంటే స్టాకు ఉన్నట్టేగా?"

"తిన్నవాళ్ళకు ఉంటుందండి."

"స్టాకు ఉంది. రాసుకోవయ్యా," అన్నారు గుమాస్తాతో.

ఒంట్లో స్టాకు వెరిఫికేషన్ అయ్యేదాకా గంజి ఆపారు. గుంటూరు మిరపకాయల కొట్టు నుంచి బస్తాలు తూచే కాటా రావడానికి రెండు రోజులు పట్టింది. ముందు ఆదెమ్మను ఎక్కించారు. మిరప బస్తాకు గోతానికీ తేమకూ తీసినట్టే, చీరకు కిలో, చెమటకు అరకిలో తరుగు తీసి, ముప్పై నాలుగు కిలోలని రాశారు.

"బాబూ, పిల్లతల్లిని. రెండు రోజుల్నించి పాలు పడట్లేదు," అంది ఆదెమ్మ.

"కండల్లోది వాడుకోవమ్మా," అన్నారు సంజీవరావు గారు.

"కండలేయి బాబూ?" అని చెయ్యి చాపింది.

తోమా పొయ్యి వైపు కదలబోయాడు. అయినా సైన్సు కదా అని ఊరుకున్నాడు.

పక్షపాతం పనికిరాదని సంఘ సభ్యుల్ని కూడా తూచారు. ప్రెసిడెంటు బాపయ్యగారికి తూకపు రాళ్ళు చాలక మరో రెండు మోసుకొచ్చారు. స్టాకు ఎవరి దగ్గరుందో తేలిపోయిందని తోమాకు ప్రాణం లేచొచ్చింది. పొయ్యి రాజేసి, గంజి కాచి, గరిటె నింపి ఆదెమ్మ ముంతకేసి వంచబోయాడు.

"ఆగరా!" అన్నారు సంజీవరావు గారు. రిపోర్టు చదివారు. "కూలీల గోడౌన్లలో ఎంత పోసినా నిల్వ నిల్. భారీ లీకేజీ. సంఘ సభ్యుల గోడౌన్లు మాత్రం పటిష్ఠంగా ఉన్నాయి. కనుక నేటి నుంచి గంజిని అక్కడే భద్రపరచాలి."

తోమా గరిటె వెనక్కి తీసి సంఘ సభ్యులకు వడ్డించాడు.

"ఉప్పు తగ్గిందిరా," అన్నారు బాపయ్యగారు.

ఆదెమ్మ ఇంకా కాటా పక్కనే నిలబడి ఉంది.

"బాబూ, నా దగ్గర తీసిన తరుగు కిలోన్నర ఉంది గదా. అదన్నా ఇప్పించండి," అంది.